బోడిగుట్ట మీద గోరింక

నీలగిరి చెట్ల తోట నరికేశాక బోడిగా మిగిలిన గుట్ట మీద మళ్లీ మన అడవినే పెంచాలని జంతువులు అనుకున్నాయి. ఆ పని మీద ఒక కథ కట్టమని పక్క అడవిలో కథలు చెప్పే గోరింకను పిలిపించాయి. వానలు పడేదాకా అతిథిగా ఉండాలి, వెళ్లేలోపు కథ చెప్పాలి. ఎలుగు మామ గుట్ట నడుమ ఒక ఎండుకొమ్మ పాతి, రోజూ గుట్ట అవతల మిగిలిన పాత అడవి నుంచి మేడిపండ్లు, చందనం పండ్లు తెచ్చిపెట్టేవాడు.

గోరింక తినేది, మబ్బుల వైపు చూస్తూ ఆలోచించేది. గుట్ట మీద చూడ్డానికి ఏముందని?

"ఏమండీ పండితులు గారూ, కథ సంగతేమో గానీ పండ్లు బాగా అరుగుతున్నట్టున్నాయే," అని ఉడుత ఎత్తిపొడిచేది.

వానలు పడ్డాయి, వెళ్లే రోజు వచ్చింది. కథ లేదు. ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

"మామా, మీ తిండి దండగ చేశాను," అంది గోరింక తలవంచుకుని.

"దండగేం కాలేదులే. నీ కొమ్మ కిందికి చూడు," అన్నాడు ఎలుగు.

గోరింక కిందికి చూసింది. తన రెట్ట పడ్డ చోటల్లా మేడి మొలకలు, చందనం మొలకలు. గుట్ట మొత్తానికి పచ్చగా ఉన్నది అక్కడే.

"ఇందుకా మామా నన్ను పిలిచింది?"

"కథ ఒక్కటే కావాలంటే గుడ్లగూబను పిలిచేవాళ్లం. అది పండ్లు తినదు మరి."

గోరింకకు ముందు రోషం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కొమ్మెక్కింది.

"అనగనగా ఒక బోడిగుట్ట. దాని మీద కథ రాని ఒక గోరింక..."

ఉడుత తోక దించి వినసాగింది. గోరింక మధ్యలో ఆగి ఎలుగు వైపు తిరిగింది.

"మామా, పండ్లు ఇంకా ఉన్నాయా? కథ కాస్త పొడుగయ్యేలా ఉంది."