తీసేసిన రేకు మూత

బుజ్జీ,

ఫోను చేయకు, ఎత్తను. ఆ మోత వింటేనే ఒళ్ళు మండుతోంది.

ఆస్పత్రిలో పక్కన నర్సు ఫోను మోగగానే మీ నాన్నకి మందెక్కించే మిషను ఆగిపోయింది. మళ్ళీ నడిచేలోపే ఆయన పోయాడు. మిషను విప్పిన రిపేరాయన, "లోపలి బోర్డు మీద రేకు మూత లేదమ్మా. అదుంటే ఫోను తరంగాలు చొరబడేవి కావు. ఖర్చు తగ్గుతుందని తీసేసుంటారు" అన్నాడు.

"తీసినవాడి చేతులు పడిపోను!" అని అక్కడే శాపం పెట్టాను.

అది విని నర్సు అసలు సంగతి చెప్పింది. "ఇందులో బోర్డు డిజైను మా బుజ్జిగాడు గీసిందే" అని ముందురోజే మీ నాన్న ఆమెతో మురిసిపోయాడట.

తిట్టు వెనక్కి తీసుకుందామంటే నోరు రావడం లేదు. ఇంకో ఇల్లాలు నిన్ను తిట్టకముందే ఆ మిషన్లన్నిటికీ మూతలు వేయించు. అప్పటిదాకా నా గడప తొక్కకు.

తిండి మాత్రం మానకు. వేళకి కడుపునిండా తిను.