జనాజా ముందు లెక్క

చావింటి వీధి మలుపులో నా భార్య బురుల్‌చా నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇవాళైనా నోరు విప్పుతావా?”

“విప్పుతాను. ముందు ఏడవాలి కదా.”

“ఏడ్చాక సంగతి అడుగుతున్నా. అందరి ముందూ నిలబడి, ఇదీ లెక్క అని చెప్పు. చెప్పకపోతే ఇక మనకి బతుకుందా?”

“చెప్తానంటున్నాగా.”

“నువ్వు చెప్పకపోతే నేనే చెప్తా.”

“నువ్వుండేది ఆడవాళ్ళ గుడారంలో. అక్కడ లెక్కలు చెప్పరు, ఏడుస్తారు.”

“నీతో కాపురం చేశాక నాకు రెండూ ఒకటే.”

పోయినవాడు తాష్‌తెమిర్. కారా-సూ బజారులో కొట్లన్నీ ఇనప కంటైనర్లే, నా పక్క కంటైనర్ అతనిది. అతను దుప్పట్లు అమ్మేవాడు, నేను జాకెట్లు. ఇరవై ఏళ్ళు ఒకే కెటిల్‌లో టీ తాగాం. మా ఇద్దరి మధ్య పన్నెండు లక్షల సోముల లెక్క ఉంది. కాగితం లేదు. చెయ్యీ చెయ్యీ కలిపి అనుకున్న మాట, అంతే.

నా సంగతి బజారంతా ఎరిగిందే. టీ అమ్మే ఆవిడకు బాకీ. మూటలు మోసేవాడికి బాకీ. బ్యాంకుకు సరేసరి. శుక్రవారం లోగా కట్టకపోతే నా కంటైనర్‌కు వాళ్ళ తాళం పడుతుంది. బ్యాంకులో ఒకమ్మాయి నన్ను కూర్చోబెట్టి అప్పుల్లోంచి బయటపడే మార్గం నేర్పింది. ఇంటి ఖర్చులన్నీ కాగితం మీద రాసి, అనవసరమైనవి ఒక్కొక్కటే కొట్టేయమంది. కొట్టేస్తూ పోతే చివరికి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ కంటైనర్ ఉండటమా, పోవడమా అన్నది ఇవాళ నా నోటి మీద ఆధారపడి ఉంది.

గేటు కనపడగానే “ఓ నా అన్నా” అని గొంతెత్తాను. మా దగ్గర చావింటికి మగవాళ్ళు అలా ఏడుస్తూనే రావాలి. కొందరికి ఏడుపు రాక దగ్గు వస్తుంది. నాకు మాత్రం ఏరులా వచ్చింది. వరసలో నిలబడ్డ కసాయి కుబాత్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

“సొంత తమ్ముడు కూడా ఇంత ఏడవలేదు మామాసాలీ.”

“లోపల చాలా ఉందిలే.”

“మాంసం డబ్బులడిగితే నా దగ్గరా ఇలాగే ఏడ్చావు.”

తాష్‌తెమిర్ కొడుకు ఎల్దియార్ నడుముకు గుడ్డ బిగించుకుని వచ్చినవాళ్ళ చేతులు అందుకుంటున్నాడు. మాస్కోలో టాక్సీ నడుపుతాడు. టికెట్టు కూడా తోటి డ్రైవర్లు చందాలేసి కొన్నారట.

నాకో జబ్బుంది. ఏది చూసినా ముందు దాని ధర కనపడుతుంది. వచ్చినవాళ్ళ భోజనాలకి పెరట్లో కోసిన గుర్రం, లక్షన్నర. అద్దె గుడారం, బియ్యం బస్తాలు, నూనె, చక్కెర, ముల్లాగారికి పెట్టాల్సిన చొక్కా. ఇంకా నలభయ్యో రోజు భోజనాలున్నాయి. ఆ తర్వాత ఏడాది భోజనాలు. అన్నీ కూడుకుంటూ వచ్చి ఎల్దియార్ బూట్ల దగ్గర ఆగాను. వాటికి ధర కట్టడం నా వల్ల కాలేదు. అంత పాత సరుకు నా కంటైనర్‌లో కూడా ఉండదు.

చూపు తిప్పుకున్నాను. ఆకాశానికి ధర లేదు, అదొక్కటే సుఖం.

శవాన్ని పెట్టిన జనాజాను వాకిట్లోకి తెచ్చారు. మగవాళ్ళందరం వరసలు కట్టాం. ముల్లాగారు తలూపగానే ఎల్దియార్ ముందుకొచ్చాడు.

“మా నాన్న మీలో ఎవరికైనా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పండి. నేను తీరుస్తాను. మా నాన్నకి ఎవరైనా బాకీ ఉంటే, వదిలేశాం. ఆయన్ని అప్పుతో మట్టిలోకి పంపను.”

కుబాత్ చెయ్యెత్తాడు. “నాకు ఎనిమిది వేలు రావాలి. వదిలేశాను బాబూ.”

వెనక వరసలోంచి ఒక ముసలాయన అన్నాడు. “నేనే అతనికి ఐదు వేలివ్వాలి.”

“వదిలేశాం తాతా.”

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఏడవలేదు.

 తలలు ఒక్కొక్కటే నా వైపు తిరిగాయి. మా బజారులో బాకీ అన్న మాట ఎక్కడ వినపడినా తలలు నా వైపే తిరుగుతాయి. పాపం, వాళ్ళకది అలవాటు.

ఆడవాళ్ళ గుడారం తెర కాస్త తొలిగింది. తాష్‌తెమిర్ భార్య ఉల్‌బూబూ వదిన. ఆ లెక్క తెలిసిన మనిషి. ఏడుపు మధ్యలో ఆపేసి నన్నే చూస్తోంది. ఆమె భుజం వెనక నుంచి నా భార్య గడ్డం ఎగరేసింది. కానివ్వమని.

ఒక అడుగు ముందుకు వేశాను.

“చెప్పండి బాబాయ్,” అన్నాడు ఎల్దియార్. నడుం గుడ్డ మీద అతని వేళ్ళు బిగిశాయి.

గొంతు సవరించుకున్నాను. చైనా వ్యాపారులతో పూటంతా బేరమాడి పది సోములు తగ్గించిన గొంతు ఇది. అవసరానికి పనికొస్తుందేమో అని ఎదురుచూశాను.

“ఏం లేదు బాబూ. మీ నాన్నకీ నాకూ మధ్య లెక్కేం లేదు.”

తెర మూసుకుంది. వదిన ఏడుపు మళ్ళీ అందుకుంది, ఈసారి ఇంకా గట్టిగా. కుబాత్ నా చెవి దగ్గర గొణిగాడు.

“చచ్చినవాడి దగ్గర కూడానా? నువ్విక మారవయ్యా.”

“మారితే నన్నెవరు గుర్తుపడతారు?” అన్నాను.

నమాజు అయింది. జనాజా ఎత్తమన్నారు. ముందుకెళ్ళి భుజం పెట్టాను. నా భార్య చూపు వీపులో దిగబడుతోంది. వెనక్కి తిరగలేదు.

మనిషి దూదిలా ఉన్నాడు, నా కంటైనర్ తాకట్టు పెట్టి నేనిచ్చిన ఆ పన్నెండు లక్షలూ తీసుకుని కడుపునిండా తిండైనా తిన్నాడో లేదో.