తీసేయొద్దన్న వీడియో

ఆ వీడియోని తీసేయొద్దని కోర్టులో పోరాడినవాళ్ళు ఇద్దరే. ఒకడు, దాన్ని తన ఛానెల్లో పెట్టిన గోకులకృష్ణన్. రెండో మనిషి కృష్ణమ్మాళ్.

గోకులకృష్ణన్ సంగతి అందరికీ అర్థమయ్యేదే. ఛానెల్ అతని బతుకుతెరువు. కృష్ణమ్మాళ్‌కి ఏం పట్టిందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. కోయంబత్తూరు గాంధీపురంలో ఓ బట్టల షోరూము వెనకగదిలో చీరలకి ఫాల్ కుట్టే మనిషి. అద్దె గదిలో ఒక్కతే ఉంటుంది. ఆ వీధికి వచ్చి చాన్నాళ్ళయినా ఆమె గురించి ఎవరికీ పెద్దగా తెలియదు.

వీడియోలో ఉన్నది ఒక ఇటుకబట్టీ. బండికి కట్టిన గుర్రం కూలబడిపోయింది. ఒక మనిషి దాన్ని లేవమని కర్రతో బాదుతూనే ఉన్నాడు. ఏ ఊరో తెలియదు. బోర్డు లేదు. చివర్లో ఆ మనిషి కెమెరావైపు తిరుగుతాడు. మాసిన గడ్డం, పీక్కుపోయిన బుగ్గలు. అంతే.

ఎవరూ అంతదాకా చూడరు. మొదటి దెబ్బకే ఆపేస్తారు. కృష్ణమ్మాళ్ మాత్రం పనినుంచి రాగానే చివరిదాకా చూసేది. ఆ తర్వాత కింద జనం రాసిన మాటలన్నీ కూడబలుక్కుంటూ చదివేది.

‘ఎవడీ రాక్షసుడు?’

‘వీణ్ణి పట్టుకుని ఆ బండికే కట్టాలి.’

‘వీడు కన్నతల్లిని కూడా కొడతాడు.’

చదువుతూ ఉండగానే కంచంలో అన్నం చల్లారిపోయేది.

“ఏమిటికక్కా నీకీ లేనిపోని వంబు?” అంది పక్కగది పాప్పమ్మాళ్. “ఆ పాడు వీడియో ఉంటే ఏమి, పోతే ఏమి?”

“ఉండాల పాప్పా. ఆ మనిషిని ఎవురైనా గుర్తుపట్టాల.”

“గుర్తుపడితే?”

“ఏడ ఉన్నాడో తెలుస్తాది గదా.”

“తెలిసి నువ్వేమి చేస్తావు? పోయి కొడతావా?”

కృష్ణమ్మాళ్ మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆనాటినుంచి పాప్పమ్మాళ్ తన పిల్లల్ని ఆ గదివైపు పోనివ్వలేదు. రోజూ అలాంటిది చూసే మనిషి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? షోరూములో ఆడపిల్లలు కూడా భోజనాలప్పుడు వేరేగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఆమె గోడవైపు తిరిగి డబ్బా విప్పుకునేది.

జంతువుల రక్షణ సంఘంవాళ్ళు వేసిన కేసు మదురై కోర్టులో నడుస్తోంది. హింసని చూపించడం కూడా హింసే, ఇలాంటివి చూపకుండా నిషేధించాలని వాళ్ళ వాదన. గోకులకృష్ణన్ తరఫు లాయరు నివేదిత. తెలుగింటి పిల్లే. కృష్ణమ్మాళ్ వెతుక్కుంటూ తన ఆఫీసుకి వచ్చినప్పుడు ఆశ్చర్యపోయింది.

“కావాలంటే ఆ వీడియో మీ ఫోన్లో సేవ్ చేసి ఇస్తానమ్మా. కోర్టు తీసేయమన్నా మీ దగ్గర ఉంటుంది.”

“నా ఫోన్లో ఉంటే నేనొక్కతే చూస్తాను. లోకం చూడాల గదమ్మా.”

నివేదితకి ఆ మాట తెగ నచ్చింది. వాక్‌స్వాతంత్ర్యం అంటే చెప్పేవాడి హక్కే కాదు, చూసేవాళ్ళ హక్కు కూడా. తన వాదనంతా దానిమీదే నిలబెట్టింది. కృష్ణమ్మాళ్‌ని కూడా కేసులో చేర్చింది.

గోకులకృష్ణన్ ఆ గదిలోనే ఉన్నాడు. “అది ఏడ తీసినారు తంబీ?” అని అడిగింది కృష్ణమ్మాళ్.

“ఎవరో పంపినారమ్మా. ఆ నంబరు ఇప్పుడు లేదు. వాడు చిక్కితే నేనే పోలీసులకి పట్టిస్తాను, చూడండి.”

ఆమె తల దించుకుంది.

విచారణ నాడు సింగానల్లూరులో బస్సెక్కి మదురై చేరింది. ఎందుకమ్మా మీకీ పట్టుదల అని జడ్జి తమిళంలో అడిగారు. ఆమె కొంగు బిగించి పట్టుకుని, ఆయనకి తెలిసిన భాషలోనే జవాబు చెప్పింది. చూసినవాళ్ళలో ఎవరో ఒకరికి ఆ మనిషి తెలిసుంటాడని, తీసేస్తే ఇక ఎన్నటికీ దొరకడని.

తీర్పు వచ్చింది. క్రూరంగా ప్రవర్తించడం నేరం గాని, దాన్ని బయటపెట్టడం నేరం కాదు. వీడియో ఉండొచ్చు. అయితే ముందు హెచ్చరిక పెట్టాలి. దెబ్బలు కనబడకుండా చేయాలి. నేరం రుజువు కాలేదు కాబట్టి ఆ మనిషి మొహం కూడా మసక చేయాలి.

కోర్టు బయట గోకులకృష్ణన్ స్వీట్లు పంచాడు. సంఘంవాళ్ళు సైతం తృప్తిగానే వెళ్ళారు. నివేదిత కృష్ణమ్మాళ్ చేతులు పట్టుకుంది.

“గెలిచినామమ్మా! మీ మాటే జడ్జిని కదిలించింది.”

“మొహం మాత్రం ఉంచకూడదా అమ్మా?”

“మొహంతో మనకేమి పని? అడిగిన హక్కు వచ్చింది గదా!”

తిరుగు ప్రయాణంలో బస్సు దిండిగల్ దాటాక కృష్ణమ్మాళ్ ఫోన్ తీసింది. అప్పుడే మార్చేశారు. గుర్రం కూలబడింది. కర్ర లేచేచోటల్లా మసక. ఆమె ఎప్పట్లాగే చివరిదాకా ఆగింది. ఆ మనిషి ఇటు తిరిగాడు. మెడమీద బూడిదరంగు ముద్ద తప్ప ఏమీ లేదు. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ముద్ద ఇంకా పెద్దదయింది.

పక్కసీటులోని పెద్దామె తెలుగు మనిషే. కాసేపటినుంచి అటే తొంగిచూస్తోంది. ఆమె మెల్లిగా భుజంమీద చెయ్యి వేసింది.

“పావం, నోరులేని జీవం. గుర్రం కోసరమా తల్లీ ఇట్ల ఏడుస్తా ఉండావు?”

ఫోన్ ఒడిలో బోర్లా పెట్టుకుని, ఇంతవరకు ఎవరితోనూ అనని మాట ఆ ముక్కూమొహం తెలియని మనిషితో అంది కృష్ణమ్మాళ్. “గుర్రం కోసరం కాదమ్మా, ఆ కొట్టేవాడు నా కొడుకు.”