పిడికెడు బియ్యం సంచి

“ఆ ఇల్లు ఏదయ్యా?”

అడగకూడదని తెలిసీ అడిగేసింది సంతోషమ్మ. చర్చి వసారాలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్న పాస్టరు ప్రేమానందం తల ఎత్తలేదు.

“నియమం నీకు తెలుసు గదమ్మా.”

తెలియకేం, పన్నెండేళ్లుగా ఆ సంచి మోస్తున్న చర్చి పనులు చూసే బైబిలు స్త్రీ ఆమే. శ్రీకాళహస్తి శివార్లలో ముప్పై గడపల సంఘం వాళ్లది. ఈస్టరుకు ముందు ఉపవాసముండే శ్రమకాలం నలభై రోజులూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్కన పెట్టాలి. శుక్రవారం సంతోషమ్మ సంచి పట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. ఇచ్చేవాళ్లు పోస్తుంటే కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. మర్నాడు తెల్లవారకముందే పాస్టరు అయ్యగారు ఆ సంచిని సంఘంలో అందరికన్నా కష్టంలో ఉన్న ఇంటి వాకిట్లో పెట్టి వస్తాడు. ఎవరు ఎంత ఇచ్చారో ఆయన అడగడు. ఎవరికి చేరిందో ఆమె అడగదు.

ఈ ఏడు వానల్లేవు. పిడికెడు తీసే ఇళ్లు ఏడుకు దిగాయి.

“అయినా చూడమ్మా, మొదటి వారం రెండు సేర్లు రాలేదు. పోయిన వారం సంచి మోసేసరికి నా నడుం పట్టేసింది. ఈ కరువులో ఇంత ఎట్లా వస్తా ఉండాదో!” అన్నాడు ప్రేమానందం.

ఎట్లా వస్తోందో సంతోషమ్మకు తెలుసు. చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. తన గోడే చెప్పుకుంది.

“మా కూతురు దీనమ్మ కాన్పయి పది దినాలయ్యా. తల్లికి కూడు లేకుంటే బిడ్డకు పాలు యాడొస్తాయి? ఇటికల బట్టీ మూసేసినారు, మా ఇంటాయనకు పన్లేదు. ఐదు వారాలూ ఒకే ఇంటికి పోతా ఉండాయని మీరే అన్నారు గదా. వాళ్ల కష్టం ఇంకా తీరలేదా?”

“వాళ్లు నోరు తెరిచి అడిగే మనుషులు కారమ్మా.”

“నేను అడిగినాను గదా. దానికే సిగ్గుతో చస్తా ఉండాను.”

ప్రేమానందం అద్దాలు పెట్టుకుని ఆమెను చూశాడు. ఆయన కూడా అలిసిపోయి ఉన్నాడు.

“సరే. ఆ ఇంట్లో ఐదు వారాల బియ్యం ఎంతో కొంత మిగిలే ఉంటాయి. ఈ వారానివి నీ ఇంటికే తీసుకుపో.”

సంతోషమ్మ సంచితో బయల్దేరింది. ఎండ మాడుస్తోంది. కుప్పమ్మ ఎర్రబియ్యం పోసింది. ఏకాంబరం భార్యది అరవదేశం కాబట్టి వాళ్లవి ఉప్పుడు బియ్యం. వరదమ్మ పురుగు పట్టకుండా వేపాకు వేసి దాచిన పాతబియ్యం తెచ్చింది. మునివెంకటప్ప ఇంట్లో రేషన్ షాపు రెండు రూపాయల బియ్యం, సగం రాళ్లే. అన్నీ సంచిలో కలిసిపోయాయి. ఇవి వండితే ఒక గింజ పలుకు, ఒక గింజ ముద్ద. ఆరిళ్లు తిరిగినా సంచి అడుగు నిండలేదు. ప్రతి వారం ఇంతే. బరువంతా ఏడో ఇంట్లోనే.

ఏడో ఇల్లు నాగులమ్మది. ఏటి ఒడ్డున రెండెకరాల వరికయ్యి ఉన్న మనిషి, ఒంటి ప్రాణం. పొయ్యి ఎప్పుడు చూసినా ఎర్రమన్నుతో అలికి, మసి మరకైనా లేకుండా ఉంటుంది. మొదటి వారం ఆమె ఇచ్చింది పిడికెడే. రెండో వారం నుంచి మాత్రం చేయి పెద్దదైంది. కళ్లు మూసుకున్నా బరువు తెలియకుండా పోదు కదా! కలిగినవాళ్లకు ఉపవాసం కూడా ఒక ముచ్చటే అనుకుంది సంతోషమ్మ. అనుకున్నందుకు వెంటనే నొచ్చుకుంది.

నాగులమ్మ గోడ పట్టుకుని లేచింది.

“ఏమక్కా, అట్లా తూలతా ఉండావు?”

“ఉపవాసం గదా.”

“ఎంత ఉపవాసమైనా మాపటేళ ఇంత తినాల గదక్కా.”

నాగులమ్మ నవ్వి, మూలనున్న కడవ చూపించింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. “ఈ తూరి ఒంచేదానికి చేతులు రావడంలే. కడవతోనే ఎత్తుకోనిపో.”

“ఇన్ని ఎందుకక్కా? నీకు కొన్ని పెట్టుకోరాదా?”

“నావి కావమ్మా, దేవునివి. నాకంటే కష్టపడే ఇల్లు యాడో ఉంటాది. ఆ ఇంటికి పోనీ.”

ఈ వారం ఆ ఇల్లు మాదేనక్కా అని చెప్పాలనిపించింది సంతోషమ్మకు. అయినా కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, కడవ నెత్తికెత్తుకుని బయటపడింది. దారిపొడవునా తన బదులు ఈ వారం పస్తుండబోయే ఆ ముక్కూమొహం తెలియని ఇల్లు గుర్తొస్తూనే ఉంది. ఐదు వారాలు తిన్నారు కదా అని మనసుకు నచ్చజెప్పుకుంది.

ఇంట్లో పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మొగుడు పొయ్యి రాజేసి ఎసరు పెట్టాడు. సంచి పక్కన పడేసి సంతోషమ్మ ముందు కడవ దించింది. సొంత కయ్యిలో పండిన బియ్యం, ఒకటే రకం, బాలింతకు మంచిది. గుడ్డ విప్పి చేటలోకి వంచింది.

మొదట ఎర్రగింజలు కనబడ్డాయి. వాటి మధ్య పసుప్పచ్చటి ఉప్పుడు బియ్యం. వేలితో కెలికితే రాళ్లు తగిలాయి. అడుగున ఎండిన వేపాకు.

“ఎసరు మరగతా ఉండాది. పోయకుండా ఏం చూస్తా ఉండావమ్మా?” అంది దీనమ్మ పడుకున్నచోటు నుంచే.

సంతోషమ్మ ఆ వేపాకు తీసి అరచేతిలో పెట్టుకుంది.

ఆ ఇల్లు నాగులమ్మదే.