పగలు చూడని పగులు

ఇనుము కూడా అలసిపోతుందట. దొంగ సంతకాలు పెట్టే ల్యాబు పెద్ద సుదర్శనం సారుకు మాత్రం అలుపే లేదు! కొత్త వంతెనకు వాడిన ఇనుము ముక్కను ఒకపక్క లాగుతూ, మరోపక్క నెడుతూ, వేలసార్లు చేయాల్సిన పరీక్షను సగంలోనే ఆపి ‘భేష్’ అని రాసేశాడు.

“సార్, మిషన్ బంద్ జేసినా పగులు పెరుగుతనే ఉంది. టిక్కు టిక్కుమంటాంది,” అంది కింది ఉద్యోగి అతియా.

“టిక్కు నేనెప్పుడో పెట్టిన గదమ్మా! ఇగ ఇంటికి పో.”

సారు ఆ ముక్కను జేబులో దాచుకుని కారులో కట్టంగూర్ ఊరికి బయలుదేరాడు. చీకట్లో సరిగ్గా ఆ వంతెన మీదే కారు ఆగిపోయింది. దిగాడు. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి.

జేబులో ‘టిక్’ మంది. పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. ఆగింది.

కాళ్ల కింద వంతెన ‘టిక్’ అని బదులిచ్చింది.