పాస్ అయ్యారా?

"పాస్ అయ్యారా?"

పొద్దుట్నుంచి ఇది పదకొండో ఫోను. ఈసారి అల్లుడు.

"ఇంకా లేదు బాబూ. పాపం, ప్రయత్నిస్తూనే ఉన్నారు," అంది గ్రామర్ మాస్టారి భార్య గొంతు తగ్గించి. ఎంత తగ్గించినా వరండా చివరిదాకా వినిపించే గొంతు ఆవిడది.

మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. తల కొట్టేసినట్టుంది. ముప్పయ్యారేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషి. ఆయన ఎర్ర సిరా దెబ్బకు ఫెయిలైనవాళ్లు ఊళ్లో వీధికి పదిమంది ఉంటారు. అలాంటిది, అరవై ఎనిమిదో ఏట ఆయన పాస్ అవుతారా లేదా అని చుట్టపక్కాలంతా ఆరా తీస్తున్నారు.

అంతకన్నా పెద్ద అవమానం ఇంకోటుంది. ఆ సంగతి తేల్చాల్సినవాడు రబ్బరు.

రబ్బరు ఒకప్పుడు ఆయన శిష్యుడే. రాసిందల్లా చెరుపుతూ కూర్చునేవాడని ఆయనే పెట్టిన పేరు. తొమ్మిదో తరగతిలో వాణ్ని రెండుసార్లు తప్పించారు. "పాస్ కానివాడికి తిండి దండగరా" అని క్లాసందరి ముందూ కడిగేశారు కూడా. ఇప్పుడు వాడు కళ్లజోడు పెట్టుకుని, చేతులు కట్టుకుని, పూటకోసారి వచ్చి ఎదురుగా నిలబడుతున్నాడు.

"ఏం మాస్టారూ, పాస్ అయ్యారా?"

"లేదురా... లేదండీ."

"నన్ను అండీ అంటారేమిటి మాస్టారూ! కంగారు పడకండి. కంగారు పడితే వచ్చేది కూడా రాదు. కానీ ఒకటి, పాస్ అయ్యేదాకా తిండి మాట ఎత్తకూడదు. నీళ్లయినా సరే, పెదాలు తడుపుకోవడానికే."

వీడు పాత కక్ష తీర్చుకుంటున్నాడని మాస్టారికి గట్టి అనుమానం.

"రేపు పొద్దుటికి కూడా కాకపోతే?" అడిగింది భార్య.

రబ్బరు మొహంలో నవ్వు తగ్గింది. "మళ్లీ మొదట్నుంచీ చేయాల్సి వస్తుందమ్మా. ఈ వయసులో అది రెండోసారంటే కష్టం."

వాడు వెళ్లాక, గంటకోసారి అట్ట పట్టుకుని వచ్చే అమ్మాయి వచ్చింది. "ఇంకా లేదా తాతగారూ?" అని, ఒక గడిలో ఇంటూ మార్కు పెట్టుకుని వెళ్లిపోయింది. జీవితమంతా ఇంటూలు పెట్టిన చేతిని మాస్టారు ఒళ్లో దాచుకున్నారు.

"పక్క గది ఆయన పొద్దున్నే పాస్ అయిపోయాడట. మీకన్నా ఒకరోజు వెనక వచ్చినవాడు," అంది భార్య.

"పాస్ అయిపోయాడు అనకు. ఇంగ్లీషులో ఆ మాటకి పోయాడనే అర్థం కూడా ఉంది."

"ఛ ఛ, అవేం మాటలు? నిక్షేపంలా ఉన్నాడు. ఇందాకే బిస్కెట్లు నములుతున్నాడు."

బిస్కెట్లనేసరికి మాస్టారి నోట్లో నీళ్లూరాయి. ఎదురుగా ఉన్న మనిషి కూడా మూడు రోజులుగా సరిగ్గా తినలేదని ఆయనకు తెలుసు. ఆయన చూస్తుండగా ముద్ద దిగదు ఆవిడకి.

"లేవండి, నాలుగడుగులు వేద్దాం. నడవమన్నాడుగా మీ శిష్యుడు," అంటూ ఆవిడ చేయి అందించింది.

వరండాలో మెల్లగా నడుస్తూ మాస్టారు పాఠంలోకి దిగిపోయారు. ఆకలేసినా, భయమేసినా ఆయనకు తెలిసిన దారి అదొక్కటే.

"బంతిని పక్కవాడికి అందిస్తే పాస్. బస్సులో చూపించేది పాస్. రెండు కొండల మధ్య సందు పాస్. సభలో బిల్లు గట్టెక్కితే పాస్."

"పనీపాటా లేకపోతే టైంపాస్," అందించింది ఆవిడ.

"అది అసలు ఇంగ్లీషే కాదు."

"మీ అక్కయ్య నా వంట మీద పాస్ చేసే కామెంట్లో?"

"అది మాత్రం అచ్చమైన ఇంగ్లీషే."

"మొత్తం ఎన్ని అర్థాలుంటాయండీ?"

"పెద్ద డిక్షనరీలో అయితే రెండు పేజీలు. మొత్తం నాకు కంఠతా వచ్చు."

ఆవిడ టక్కున ఆగింది. మొగుణ్ని ఎగాదిగా చూసింది.

"రెండు పేజీలూ వచ్చు. కావాల్సిన ఆ ఒక్కటీ మాత్రం మూడు రోజులై రాదు. మీకు ఉద్యోగం ఎవరిచ్చారండీ బాబూ?"

మాస్టారికి నవ్వొచ్చింది. ఆపుకోబోయారు, ఆగలేదు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "ఒద్దే, నవ్వించకే, చచ్చిపోతాను" అంటూ గోడకి ఆనుకుని మరీ నవ్వారు.

ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమండీ? ఏమైంది?" ఆవిడ ఆయన భుజం పట్టుకుంది.

మాస్టారు అటూ ఇటూ చూశారు. తర్వాత క్లాసులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు.

"ప్రెజెంట్ పర్ఫెక్ట్," అన్నారు.

"తెలుగులో ఏడవండి!"

"ఇప్పుడే అయింది."

"పాస్ అయ్యారు! మా ఆయన పాస్ అయ్యారు!"

ఆవిడ గొంతుకి ఆ వరుసలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పక్క గది ఆయన బిస్కెట్ చేత్తోనే చప్పట్లు కొట్టాడు. అప్పుడే మళ్లీ ఫోను చేసిన అల్లుడు "కంగ్రాట్స్ మామయ్యగారూ!" అని అరిచాడు. రబ్బరు పరుగెత్తుకొచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి కళ్లలో కక్ష కోసం వెతికిన మాస్టారికి అక్కడ నీళ్లు కనిపించాయి.

"ఫస్ట్ క్లాస్ మాస్టారూ, ఫస్ట్ క్లాస్!"

అమ్మాయి చేతిలోంచి అట్ట తీసుకుని రబ్బరు ఒక్క వాక్యం రాసి, కింద డాక్టరుగా సంతకం చేశాడు: "పేగు ఆపరేషన్ అయిన మూడో రోజు సాయంత్రం, వరండాలో నడుస్తుండగా, పేషెంటుకు గ్యాస్ పాస్ అయింది."