మూల నక్కిన ఎలుక

ప్రయోగం పదో రోజు కూడా తెల్లటి మోటు ఎలుక నల్ల ఎలుక మీద పడి మెడ కొరికింది, వెల్లకిలా పడేసి తొక్కింది. ఐదు నిమిషాలయ్యేదాకా విడదీయకూడదు. లోర్నా గడియారం చూస్తూ నిలబడింది. ఆమె చేతికి కట్టు ఉంది. మంచులో జారిపడ్డానని ప్రయోగశాలలో చెప్పింది. ఆ చెయ్యి విరిచిన మొగుడు రేపు సాయంత్రం వచ్చి ఇంటికి తీసుకుపోతానన్నాడు. సరేనంది.

మర్నాడు పరీక్ష. తెల్లదాన్ని తీగల జాలీ వెనక పెట్టి నల్లదాన్ని వదిలారు. అది మెడ మీద ఎండిన నెత్తురుతో దూరంగా మూలకు పోయి నక్కింది.

"దిగులు జబ్బని రాయి," అన్నాడు పరిశోధకుడు వెండెల్. "మనం మందు ఇచ్చేది ఇలాంటి వాటికే."

"దగ్గరికి వెళ్ళుంటే?"

"ఆరోగ్యంగా ఉన్నట్టు."

"అన్నిసార్లు కరిచినదాని పక్కకి వెళ్ళడమా ఆరోగ్యం? నీ చదువు తగలెయ్య."

"మనుషుల జబ్బుకి మా కొలత ఇదే తల్లీ. నన్ను తిట్టి లాభం లేదు."

"మరి అన్నీ మగవే ఎందుకు? దిగులు ఆడవాళ్ళకే ఎక్కువ కదా."

"ఆడదాన్ని పెడితే ప్రయోగం సాగదు. మగ ఎలుక ఆడదాన్ని కొట్టదు."

లోర్నా జబ్బు అన్న గడిలో ఏమీ రాయకుండా కలం మూసింది.

"వెండెల్, ముందు గుమ్మం దగ్గర మా ఆయన ఉంటాడు," అంది. "నన్ను వెనకనుంచి మా అక్క ఇంటికి తీసుకుపో."